పురుగుల షెడ్డులో కాలేజీ పిల్లలు: వాళ్ళు మాకేం నేర్పారు, మేము వాళ్ళకేం నేర్పాం



ఈసారి గూటి ధర, కొత్త మందులు పక్కనబెట్టి చదువు గురించి రాస్తున్నాం. రాసే మేము ఎస్సెల్సీతో పుస్తకం మూసేసినోళ్ళం. విశ్వవిద్యాలయం గురించి మాట్లాడ్డానికి మీరెవరు అని అడగొచ్చు. మా షెడ్డులోకి వచ్చిన విశ్వవిద్యాలయం గురించి మాత్రమే మాట్లాడతాం, అంతకు మించి పోము.

ముందు మా నష్టం సంగతి చెప్పాలి. రెండేళ్ళ కింద ఏప్రిల్‌లో 150 గుడ్లు మేపినాం. నాలుగో జ్వరం దాటి, ఇంకో మూడు నాలుగు రోజుల్లో నేత్రికలకి ఎక్కిస్తాం అనుకుంటుంటే, పురుగులు తట్టల అంచులకి పాకడం మొదలెట్టాయి. ఒళ్ళు పసుపు తిరిగింది. ముట్టుకుంటే చర్మం పగిలి పాలలాంటి నీళ్ళు కారినాయి. పాలరోగం. మంచి పంటలో 110 కిలోల దాకా తీసే మేము ఆసారి 38 కిలోలు తీసినాం. కూలీ, చాకీ డబ్బు, ఆకు ఖర్చు అన్నీ మునిగాయి. చచ్చిన పురుగుల్ని, పెంటని ఎప్పట్లాగే తట్టలకెత్తి తోటలో చెట్ల మొదళ్ళలో పోసేసినాం. నేలకి ఎరువైనా అవుతుందిలే అనుకున్నాం. అదే మా తప్పని అప్పటికి తెలీదు.

ముగ్గుపొడితో గీసిన మా ఊరు

ఆ ఏడే వానాకాలంలో వ్యవసాయ డిగ్రీ ఆఖరి సంవత్సరం పిల్లలు ఎనిమిది మంది మా ఊర్లో దిగారు. మాది చింతామణి, శిడ్లఘట్ట నడుమ ఉండే ఊరు. ఇళ్ళలో తెలుగు, బళ్ళో కన్నడం, మార్కెట్లో రెండూ. ఆ పిల్లలు పల్లెలో ఉండి పని నేర్చుకోవడం వాళ్ళ చదువులో ఒక భాగమంట. దేశమంతా వ్యవసాయ కాలేజీల్లో ఈ పద్ధతి ఉంది. ఒక్కో విద్యార్థికి ఒక్కో రైతు ఇంటిని కేటాయిస్తారు. 2015లో దీన్ని, ఇంకొన్ని పని నేర్పే పద్ధతుల్ని కలిపి 'స్టూడెంట్ రెడీ' అనే పేరు పెట్టారు.

నిజం చెప్తే మాకు మొదట ఇష్టం లేదు. అంతకు ముందు మా ఊరికి వచ్చినోళ్ళని చూసినాం కదా. షెడ్డు ముందర నిలబడి ఫోటో తీసుకుంటారు, కాగితం మీద సంతకం పెట్టించుకుంటారు, జీపెక్కి పోతారు. వీళ్ళూ అంతేలే అనుకున్నాం.

వచ్చిన నాలుగో రోజు పొద్దున్నే పిల్లలు గుడి ముందర వాకిలి ఊడ్చి, రంగు ముగ్గుపొడులు తెచ్చి కూర్చున్నారు. "మీ ఊరు మీరే గీయండి, మేము గీయం" అన్నారు. మొదట ఆడోళ్ళు నవ్వారు. తర్వాత ఒకామె వచ్చి చెరువు గీసింది. ఇంకొకామె రోడ్డు గీసింది. మా పెద్దాయన కర్ర పట్టుకుని బావులు చూపించాడు. ఆయన చిన్నప్పుడు ఊర్లో నీళ్ళున్న బావులు పదకొండు. మోట తోలినవి. అన్నిటికీ నీలం పొడి పెట్టారు. తర్వాత ఒక విద్యార్థి అడిగాడు: "ఇప్పుడు నీళ్ళున్నవి ఎన్ని?" పెద్దాయన ఒక్కొక్క నీలం చుక్క మీద కాలి బొటనవేలుతో మట్టి తోసుకుంటూ పోయాడు. ఒక్కటీ మిగల్లేదు. వాటి పక్కన ఎర్రపొడితో బోర్లు పెట్టారు. ఎండిపోయినవి ఎన్ని, నడుస్తున్నవి ఎన్ని, ఎన్ని అడుగులు అని రాసుకుంటే, 300 అడుగుల్లో మొదలైన లెక్క 1,200 దాటింది.

ఇవన్నీ మాకు తెలియనివి కావు. కానీ ఊరంతా ఒక్కచోట నిలబడి చూసింది అదే మొదటిసారి. ఆ సాయంత్రమే ముగ్గురు రైతులు డ్రిప్పు సంగతి అడిగారు. ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. మా చేత మా ఊరు గీయించారు, అంతే. చదువు చెప్పే పద్ధతి ఇట్లా కూడా ఉంటుందని మాకు అప్పుడు తెలిసింది.

జ్వరం అంటే భయపడిన అమ్మాయి

మా ఇంటికి వచ్చిన అమ్మాయిది సముద్రం పక్క ఊరు. అడక తోటలు, చేపలు చూసింది గాని పట్టుపురుగుని చేత్తో పట్టుకోలేదు. వచ్చిన వారానికి మా అవ్వ షెడ్డులోంచి వస్తూ "పురుగులకి జ్వరం వచ్చింది, ఆకు ఆపండి" అంది. ఆ పిల్ల కంగారు పడి మందేం వేయాలని పుస్తకం తీసింది. అవ్వ పగలబడి నవ్వింది. "అది రోగం కాదమ్మా, చొక్కా మార్చుకునే నిద్ర. లేపితే చస్తాయి, వదిలేస్తే పెరుగుతాయి."

అక్కడ్నించి ఆ అమ్మాయి అవ్వని వదల్లేదు. అవ్వకి కన్నడం అంతంత మాత్రం, ఆ పిల్లకి తెలుగు సున్నా. అయినా పొద్దు పొద్దున్నే ఇద్దరూ షెడ్డులోనే. జ్వరం నుంచి లేచిన పురుగులకి మళ్ళీ ఆకు ఎప్పుడు వేయాలి అనేది పుస్తకంలో శాతాల లెక్కలో ఉంది. దాదాపు అన్నీ లేచినాకే వేయాలి, తొందరపడితే లేచినవి తిని పెరుగుతాయి, లేవనివి వెనకపడతాయి, పడకంతా ఎగుడుదిగుడు అవుతుంది. అవ్వ లెక్క పెట్టదు. తట్ట మీదికి వంగి తల రంగు, ఒంటి ముడతలు చూస్తుంది, "ఇంకో పూట ఆగు" అంటుంది. ఆ అమ్మాయి ఒక మూల 100 పురుగులు లెక్కబెట్టి చూస్తే అవ్వ ఆగమన్నప్పుడు లేచినవి 71. అవ్వ వేయమన్నప్పుడు 94.

ఆ పిల్ల ఆ రెండు అంకెల్ని తన రికార్డులో రాసుకుంది. పక్కన అవ్వ పేరు కూడా రాసింది. రాసింది చదివి వినిపిస్తే అవ్వ ఏమీ మాట్లాడలేదు, లోపలికి పోయి వేరుశనక్కాయలు తెచ్చి పెట్టింది. అరవై ఏళ్ళు పురుగులు మేపిన మనిషి చెప్పిన మాట ఒక కాలేజీ రికార్డులో ఎక్కడం మా ఇంట్లో అదే మొదలు.

పెంట సంగతి

ఇంక వాళ్ళు మాకు నేర్పిందేమిటో చెప్తాం. తోట మట్టి తీసి పరీక్షకి పంపించారు. వచ్చిన కాగితంలో సేంద్రియ కర్బనం 0.38 శాతం అని ఉంది. అర శాతం కంటే తక్కువుంటే నేల బలహీనం అని లెక్క. ఏటేటా యూరియా పెంచుతున్నాం, ఆకు మాత్రం పలచబడుతోంది, ఎందుకో అర్థం కాలేదు. నేలలో జీవం తగ్గితే పోసిన యూరియా నిలవదని, నీళ్ళు కూడా నిలవవని విడమర్చి చెప్పారు. 1,200 అడుగుల నుంచి లాగిన నీళ్ళు ఒట్టి నేలలోంచి జారిపోతున్నాయంటే మనసుకి కష్టమైంది.

"పశువుల ఎరువు వేయండి" అన్నారు. మేము గట్టిగానే అడిగినాం: "ఏ పశువులు? ఊర్లో ఉన్న ఆవులెన్నో మీరే గీయించారు కదా ముగ్గులో." ఆ పిల్లలకి జవాబు లేదు. దాచుకోలేదు, "మా సార్‌ని అడుగుతాం" అన్నారు. ఆ వారం వాళ్ళ అధ్యాపకుడు స్వయంగా వచ్చాడు. తోట తిరిగాడు. చెట్ల మొదళ్ళలో పోసిన పురుగుల పెంట చూసి ఆగిపోయాడు.

ఆయన చెప్పింది ఇది. పాలరోగం క్రిములు పెంటలో, చచ్చిన పురుగుల్లో చాలా కాలం బతికే ఉంటాయి. ఆ పెంటని పచ్చిగా తోటలో పోస్తే, వాన చినుకులకి, గాలికి ఎగిరి కింది ఆకుల మీద పడతాయి. ఆ ఆకే మళ్ళీ షెడ్డులోకి పోతుంది. ఎండ దెబ్బకి పురుగు నీరసపడ్డ రోజు రోగం బయటపడుతుంది. అంటే ఏప్రిల్ నష్టానికి విత్తనం మేమే పోసుకుంటూ వచ్చినాం. కొందరు జబ్బు పురుగుల్ని కోళ్ళకి వేస్తారు, అది కూడా రోగాన్ని ఊరంతా తిప్పడమే అన్నాడు.

ఆయన చెప్పిన పని పెద్ద ఖర్చుది కాదు. జబ్బు పురుగు కనిపించగానే ఏరి, బ్లీచింగ్ పౌడరు, సున్నం కలిపిన నీళ్ళ బేసిన్లో వేయాలి. లీటరు నీళ్ళకి 20 గ్రాముల బ్లీచింగ్, 3 గ్రాముల సున్నం. తర్వాత తోటకి దూరంగా పూడ్చాలి. మిగతా పెంటని, తినగా మిగిలిన ఆకుని, పుల్లల్ని ముక్కలు చేసి, నీడన గుంతలో వరసలుగా వేసి, మధ్య మధ్య కొంచెం పేడ నీళ్ళు చల్లి, మూడు నాలుగు నెలలు మాగనివ్వాలి. మాగేటప్పుడు పుట్టే వేడికి చాలా మటుకు క్రిములు చస్తాయి. అట్లా మాగినదే తోటకి ఎరువు. ఆవులు లేని ఇంటికి కూడా పురుగులున్నాయి కదా అన్నాడు. మా ప్రశ్నకి జవాబు మా షెడ్డు వెనకాలే పడి ఉంది.

ఒక ఏడాదికే నేల మారిపోదు. మళ్ళీ పరీక్ష చేయిస్తే 0.44 వచ్చింది. ఇంకా బలహీనమే. కానీ దిగకుండా ఎక్కింది. యూరియా మూటలు తగ్గించినాం, ఆకు దళసరిగా ఉంది. ఆ మరుసటి ఏప్రిల్‌లో అదే 150 గుడ్లకి 92 కిలోలు తీసినాం. ఇదంతా వాళ్ళ వల్లే అనడం లేదు, ఆ ఏడు ఎండ కూడా కొంచెం తక్కువే. కానీ అంచులకి పాకే పురుగులు పది తట్టలకి పది కూడా లేవు. ఈ మాట మాత్రం ధైర్యంగా చెప్తాం.

విశ్వవిద్యాలయం పని ఏమిటి?

మన దేశంలో మొదటి వ్యవసాయ విశ్వవిద్యాలయం 1960లో పంత్‌నగర్‌లో పెట్టారు. బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం 1964లో మొదలైంది. కోయంబత్తూరుది 1971. ఒడిశాలో భువనేశ్వర్‌ది 1962, మరాఠ్వాడాలో పర్భణిది 1972. వీటన్నిటికీ మొదట్నించీ మూడు పనులు అప్పజెప్పారు: పాఠం చెప్పడం, పరిశోధన చేయడం, ఆ విషయం రైతు దగ్గరికి చేర్చడం. ఈ మూడూ మూడు వేర్వేరు గదుల్లో జరిగితే మనకి ఒరిగేది తక్కువ. ఒక్క షెడ్డులో కలిస్తే ఏమవుతుందో పైన చెప్పినాం.

2015లో ఐక్యరాజ్యసమితి 2030 కల్లా చేరాలని 17 లక్ష్యాలు పెట్టుకుంది. అందులో నాలుగోది నాణ్యమైన చదువు. చదువుకునే ప్రతి ఒక్కరికీ సుస్థిర అభివృద్ధికి కావలసిన జ్ఞానం, నైపుణ్యం రావాలని అందులోనే రాసి ఉంది. సుస్థిర అభివృద్ధి అనే మాట మన నోటికి తిరగదు. మన భాషలో అయితే, ఈ ఏడు మనం గూడు తీయాలి, ఇదే నేలలో ఇదే నీళ్ళతో మన మనవళ్ళు కూడా తీయగలగాలి. అంతకంటే పెద్ద అర్థం మాకు తెలీదు. ఆ ముగ్గులో ఎండిపోయిన పదకొండు బావులు చూసిన విద్యార్థి రేపు ఆఫీసరైతే, 'ఎకరాకి ఎంత దిగుబడి' అనే ప్రశ్నతో పాటు 'ఎన్ని నీళ్ళకి' అని కూడా అడుగుతాడు. ఆ రెండో ప్రశ్న నేర్పడమే నాణ్యమైన చదువు అని మా లెక్క.

చదివినోళ్ళు పురుగుల దగ్గరికి రావడం కొత్తేమీ కాదు. 1865లో ఫ్రాన్సు దక్షిణాన ఆలేస్ అనే ఊరి వైపు పట్టుపురుగులకి గంటు రోగం, అదే పెబ్రిన్, వచ్చి రైతులు కుదేలైతే, పారిస్‌లో పెద్ద కాలేజీలో ఉన్న లూయీ పాశ్చర్‌ని పంపించారు. ఆయనకి అప్పటిదాకా పట్టుపురుగు తెలీదు. దారిలో ఫాబ్ర్ అనే పురుగుల శాస్త్రవేత్త ఇంటికి పోయి గూడు చేతిలోకి తీసుకుని, చెవి దగ్గర ఆడించి, లోపల ఏదో ఉందే అన్నాడంట. అంత తెలియని మనిషి, తన శిష్యుల్ని వెంటబెట్టుకుని, పురుగులు మేపే చోటే ఉండి, ఏళ్ళ తరబడి చూసి, దారి కనిపెట్టాడు. గుడ్లు పెట్టిన తల్లి చిలకని నూరి సూక్ష్మదర్శినిలో చూడాలి, గింజల్లాంటి క్రిములు కనబడితే ఆ గుడ్లు పారేయాలి. ఈరోజు మనం కొనే ప్రతి రోగరహిత గుడ్డు వెనక ఉన్నది ఆ పరీక్షే. తెలీదని ఒప్పుకుని షెడ్డుకి రావడంతోనే ఆ పని మొదలైంది. మా దగ్గరికి వచ్చిన సముద్రం పక్క అమ్మాయి కూడా అట్లాగే మొదలెట్టింది.

మాకు నచ్చనివి

మెచ్చుకున్నాం కాబట్టి నచ్చనివి కూడా చెప్తాం. పిల్లలు ఒక సెమిస్టరు ఉంటారు, అలవాటు పడే లోపల బస్సెక్కుతారు. వచ్చే ఏడు వేరే ఊరికి వేరే పిల్లలు. పోయిన ఏడు మొదలెట్టిన పనిని వెనక్కి తిరిగి చూసే ఏర్పాటు లేదు. ఇంకొకటి, రిపోర్టు ఇంగ్లీషులో రాసి మార్కులకి ఇస్తారు. మా ఊరి నీళ్ళ లెక్క మా ఊర్లో ఉండదు.

ఈ రెండో సంగతి మేము ఆ అధ్యాపకుడితోనే అన్నాం. ఆయన కోప్పడలేదు. చివరి రోజు పిల్లలు అదే గుడి ముందర నిలబడి రిపోర్టుని కన్నడంలో చదివారు, మా ఊరి బడి టీచరమ్మ తెలుగులో చెప్పింది. బావుల పటం పెద్ద కాగితం మీద గీసి పాల డెయిరీ గోడకి అంటించి పోయారు. ఇప్పటికీ ఉంది. మొదటి సంగతికి దారి ఆ అమ్మాయే చూపింది. పోతూ పోతూ మా షెడ్డులో వేడి, తేమ చూపే చిన్న యంత్రం ఒకటి వేలాడదీసింది. ఎండాకాలమంతా పూటకోసారి చూసి ఫోనులో పంపినాం. మధ్యాహ్నం 36 డిగ్రీలు చూపిన రోజు, "నీళ్ళు చల్లకండి, ముందు కిటికీలకి తడి గోనెలు కట్టి, గాలి ఆడనివ్వండి" అని జవాబు వచ్చింది. కట్టినాం. 32కి దిగింది. ఆ అమ్మాయికి అప్పటికి మార్కులు వచ్చేసినాయి. జవాబు ఇవ్వకపోయినా ఎవరూ అడగరు. ఇచ్చింది.

మన పిల్లల మాట

మా ఇంట్లో ఆడపిల్ల పీయూసీ సైన్సు చదువుతోంది. ముందు నర్సింగు అనేది. ఇప్పుడు పట్టు పరిశ్రమలో డిగ్రీ చేస్తానంటోంది. మాలో కొందరికి భయం. పురుగుల్లోంచి బయటపడాలని కదా చదివిస్తున్నాం, మళ్ళీ పురుగుల్లోకే పోతానంటే ఎట్లా? అవ్వ మాత్రం, "నేను మేపింది చూసి నేర్చుకున్నా, ఇది చదివి మేపితే తప్పేముంది" అంటోంది. ఇంకా తేలలేదు. తేలాక చెప్తాం. కానీ కనుక్కున్న విషయాలు మీకూ పనికొస్తాయి.

చింతామణిలో బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద పట్టు కాలేజీ ఉంది, డిగ్రీ అక్కడే. తమిళనాడు పక్క ఉన్నోళ్ళకి కోయంబత్తూరు విశ్వవిద్యాలయం కింద మేట్టుపాళయంలో ఈ డిగ్రీ ఉంది. తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో, అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో కూడా పట్టు విభాగాలున్నాయి. కర్ణాటకలో వ్యవసాయ డిగ్రీ సీట్లలో రైతు పిల్లలకి వేరే కోటా ఉంది. దానికి ప్రాక్టికల్ పరీక్ష పెడతారు. విత్తనాలు, పనిముట్లు, పంటలు గుర్తుపట్టాలి. మన పిల్లలు చిన్నప్పట్నించీ చేతులు పెట్టిన పనే అక్కడ మార్కులవుతుంది. కాగితాలు, తేదీలు ఏటా మారుతుంటాయి కాబట్టి ముందే కనుక్కోండి.

చివరిగా మీ ఊరికి మా మాట. దగ్గర్లోని వ్యవసాయ కాలేజీకో, కృషి విజ్ఞాన కేంద్రానికో పోయి, మా ఊర్లో మల్బరీ ఉంది, పిల్లల్ని ఇటు పంపండి అని కాగితం రాసివ్వండి. వచ్చాక షెడ్డు తలుపు తెరవండి, పోయిన పంట సంగతి దాచకండి. మేము పెంట ఎక్కడ పోస్తామో ఆ సార్‌కి చూపకుండా దాచి ఉంటే మా పాలరోగం ఇప్పటికీ అట్లాగే ఉండేది. వాళ్ళకి తెలియంది అడగండి. పోయే ముందు రిపోర్టు మీ భాషలో చదివించుకోండి, ఒక నకలు ఊర్లో పెట్టుకోండి.

ఈ రాత్రి మా షెడ్డులో మూడో జ్వరం నడుస్తోంది. పొద్దున ఆకు వేయాలా వద్దా అని పిల్ల 100 పురుగులు లెక్కబెడుతోంది. అవ్వ పక్కనే కూర్చుని, "ఇంకో పూట ఆగు" అంటోంది. లెక్క ఎంత వస్తుందో చూడాలి.

అందరి పంటా బాగుండాలి.